రాత్రికి ఎక్కడ దిగాల?

ఊరు దాటి పోయేవాళ్లు మొదట అడిగే మాట ఇదే. రాత్రికి ఎక్కడ దిగాల?

పగలు ఎట్లో గడిచిపోతుంది. చెట్టు కింద కూర్చోవచ్చు. మూటలో జొన్నరొట్టె ఉంటే తినవచ్చు. పొద్దు వాలితే మాత్రం తలమీద ఒక కప్పు కావాలి. ఆడవాళ్లకు మరీ కావాలి. తాగను నీళ్లు కావాలి. గడియ పడే తలుపు కావాలి. చంటిబిడ్డ ఉంటే పాలు కాచుకోను పొయ్యి కావాలి.

కర్నూలు, కడప సీమ మెట్టసీమ. వానలు తక్కువ. ఎండాకాలం వస్తే ఏర్లలో ఇసుకే కనిపిస్తుంది. ఇట్లాంటి సీమలో దారిన పోయేవాళ్లకు బస చూపడం, గుక్కెడు నీళ్లు పోయడం గొప్ప పుణ్యమని పెద్దలు అనుకున్నారు. ఉన్నవాళ్లు సత్రాలు కట్టించారు. బావులు తవ్వించారు. లేనివాళ్లు కూడా ఊరికే ఉండలేదు. ఇంటి ముందర అరుగు కట్టారు.

అచ్చమ్మ ఇంటి అరుగు

అరుగు అంటే తలుపు బయట కట్టిన తిన్నె. మన సీమలో నాపరాళ్లకు కొదవ లేదు. కడప రాయి, బేతంచెర్ల రాయి దేశమంతా పోతుంది. ఆ రాయే పరిచి అరుగు కట్టేవాళ్లు. పగలు ఇంటివాళ్లు కూర్చుంటారు. రాత్రి ఎవరైనా బాటసారి వస్తే పడుకుంటాడు. ఎవరినీ లేపి అడగాల్సిన పని లేదు. అడగకుండానే దొరికే బస అది.

బనగానపల్లెలో ఒక కథ చెప్పుకుంటారు. వందల ఏళ్ల కిందటి మాట. ఒక యువకుడు ఊరూరా తిరుగుతూ చీకటి పడే వేళకు అక్కడికి వచ్చాడు. ఒక ఇంటి అరుగు మీద పడుకున్నాడు. ఆ ఇల్లు గరిమిరెడ్డి అచ్చమ్మది. తెల్లవారి ఆమె బయటికి వచ్చి చూసింది. ‘ఎవరు నాయనా నువ్వు?’ అని అడిగింది. పని ఏదైనా ఉంటే చేస్తానన్నాడు ఆ యువకుడు. ఆమె అతనికి కూడు పెట్టి, ఆవులను మేపే పని ఇచ్చింది. అతడు రవ్వలకొండకు ఆవులను తోలుకుపోయేవాడు. అక్కడి గుహలో కూర్చొని తాటాకుల మీద కాలజ్ఞానం రాశాడంటారు. ఆ యువకుడే పోతులూరి వీరబ్రహ్మం. తర్వాత అచ్చమ్మే ఆయనకు శిష్యురాలయింది.

ఈ కథలో అందరూ బ్రహ్మంగారినే తలుస్తారు. కానీ ఆ పొద్దు ‘లేచి పో’ అని అచ్చమ్మ కసిరి ఉంటే కథే లేదు. ఇప్పుడు కడుతున్న సిమెంటు ఇండ్లకు అరుగులు లేవు. ఇనుప గ్రిల్లులు ఉన్నాయి. దొంగల భయం ఉంది కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేము. అయితే బాటసారికి దొరికే చోటు ఒకటి తగ్గింది.

1830 నాటి ప్రయాణం

ఏనుగుల వీరాస్వామయ్య అనే ఆయన చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసేవాడు. 1830 మే 18న ఆయన కాశీకి బయలుదేరాడు. అప్పటికి మన దేశంలో రైలు లేదు, బస్సు లేదు. పల్లకి, బండి, కాలినడక. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం మీదుగా పోయాడు. కాశీ చూసి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైగా పట్టింది. దారిలో చూసిందంతా రాసిపెట్టాడు. అది ‘కాశీయాత్ర చరిత్ర’ అనే పుస్తకంగా 1838లో అచ్చయింది.

ఆ పుస్తకంలో గుళ్లూ గోపురాలూ ఉన్నాయి. వాటికంటే పనికొచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ దిగను వసతి ఉంది, ఏ దారి రాళ్లదారి. ఊరు తర్వాత ఊరు ఇవే రాసుకుంటూ పోయాడు. ఆయన వెనక వచ్చేవాళ్లకు ఆ రాత దారి చూపింది. అప్పుడు శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. కందనూరు అంటే ఇప్పటి కర్నూలే. యాత్రకు వచ్చేవాళ్ల దగ్గర నవాబు పన్ను తీసుకునేవాడు. గుడి బాగోగులు మాత్రం చూడలేదని వీరాస్వామయ్య బాధపడ్డాడు.

నల్లమల దారి

శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. రోడ్డు పడకముందు అక్కడికి నడిచే పోవాలి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిలోకి దారి. మొదట నాగలూటి. అక్కడ వీరభద్రుని గుడి ఉంది. ఆ తర్వాత పెచ్చెరువు. అక్కడ చెరువు ఉంది కాబట్టి జనం ఆగుతారు. ఆ తర్వాత భీముని కొలను. లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు పట్టేసేది అక్కడే. ఎక్కి పోతే కైలాసద్వారం. అక్కడికి వచ్చినవాళ్లు ‘ఇంక చేరినట్లే’ అనుకుంటారు. ఈ కొండకు మెట్లు కట్టించింది రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. అది 14వ శతాబ్దం.

ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి ఈ దారిన వేలమంది నడుస్తారు. ఇది పులులుండే అడవి. అందుకే తక్కిన రోజుల్లో ఈ కాలిబాటన పోనివ్వరు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. పుట్టింటివాళ్లు చీర, సారె పట్టుకుపోయినట్టు వాళ్లు మోసుకుంటూ పోతారు. కర్నూలు వైపు పల్లెల్లో ఆ రోజుల్లో చూడాలి. ఊరి ముందర పందిళ్లు వేస్తారు. మజ్జిగ పోస్తారు. అన్నం, చిత్రాన్నం, సంగటి, ఎవరికి చేతనైంది వాళ్లు పెడతారు. బడి వరండాలో, గుడి మంటపంలో, కళ్లంలో పడక. భాష వేరు, ఊరు వేరు. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లకు వేడినీళ్లు పెట్టేది మాత్రం ఆ పల్లె ఆడవాళ్లే.

ఈ కొండకు ఒంటరిగా వచ్చిన ఆడమనిషి కూడా ఉంది. ఆమె అక్కమహాదేవి. 12వ శతాబ్దంలో కన్నడ దేశం నుంచి వచ్చింది. మల్లికార్జునుడే తన మొగుడనింది. కన్నడంలో వచనాలు చెప్పింది. శ్రీశైలం దగ్గర కృష్ణ ఒడ్డున ఆమె పేరుతో గుహలు ఉన్నాయి. ఆమెకు ఆ కొండగుహే బస అయిందని చెప్తారు. ఈనాడు చాలా యాత్రాస్థలాల్లో ఒంటరిగా వచ్చిన మనిషికి గది ఇవ్వరు. ‘తోడు ఎవరమ్మా?’ అని అడుగుతారు. అక్కమహాదేవి ఇప్పుడు వస్తే ఆమెనూ అట్లే అడుగుతారేమో!

ఆకలికి కులం లేదు

అవధూత కాశినాయన పేరు కడప, కర్నూలు పల్లెల్లో తెలియనివాళ్లు తక్కువ. నల్లమల చుట్టూ తిరుగుతూ పాడుబడిన గుళ్లను బాగుచేయించాడు. గుడి దగ్గరే పొయ్యి వెలిగించాడు. వచ్చినవాళ్లకు అన్నం పెట్టాలన్నాడు. 1995లో ఆయన సమాధి అయ్యాడు. కడప జిల్లాలో ఆయన సమాధి ఉన్న మండలానికి ఆయన పేరే పెట్టారు. ఆయన పేరున ఉన్న ఆశ్రమాల్లో ఇప్పటికీ అన్నం పెడతారు. రైతులు పంట ఇంటికి రాగానే బియ్యం, బేడలు, కూరగాయలు ఇస్తారు. తినేవాళ్లను నీ కులమేమి అని అడగరు. కరువు సీమలో ఇట్లాంటి పొయ్యి ఆరకుండా ఉందంటే చిన్న సంగతి కాదు.

కడప పెద్దదర్గాకు కూడా అన్ని మతాలవాళ్లూ పోతారు. ఉరుసు రోజుల్లో అక్కడ తురకలెవరో హిందువులెవరో తెలియనంత జనం.

అన్ని చోట్లా ఇట్లే ఉందా? లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. శ్రీశైలంలో సత్రాల వీధిన నడిస్తే బోర్డులు చదవండి. చాలా సత్రాల పేర్లలో కులం పేరు ఉంటుంది. ఒక్కొక్క కులంవాళ్లు చందాలు వేసుకొని తమవాళ్లకని కట్టుకున్నారు. అక్షరం రాని రోజుల్లో ఆ బోర్డు మనకు తెలియదు. లోపలికి పోయి, ‘మీది ఏ కులం?’ అని అడిగించుకొని, తల వంచుకొని బయటికి రావాల్సి వచ్చేది. కొన్ని సత్రాలు ఇప్పుడు ఖాళీ ఉంటే అందరికీ గదులు ఇస్తున్నాయి. దేవస్థానం గదులకు కులంతో పని లేదు.

ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాని మీద ఒక చట్టం వచ్చింది. ఇప్పుడు దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టం. అందులో సత్రం మాట కూడా ఉంది. జనం దిగే సత్రంలో, ధర్మశాలలో, ముసాఫిర్‌ఖానాలో అంటరానితనం పాటించి ఎవరినైనా రానివ్వకపోతే అది నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, నూరు నుంచి ఐదు నూర్ల దాకా జరిమానా. జరిమానా ఈనాటి లెక్కకు చిన్నదే. జైలు చిన్నది కాదు.

బోర్డు చదవండి

సత్రంలో దిగేటప్పుడు మొదట చూడాల్సింది గుమాస్తా మొహం కాదు. గోడ మీద బోర్డు. ఇట్లా ఉంటుందనుకోండి. పైకి చదవండి.

గది అద్దె 24 గంటలకు రూ. 400
అడ్వాన్సు రూ. 400 (గది ఖాళీ చేసేటప్పుడు వాపసు)
హాలులో పడకకు మనిషికి రూ. 50
గుర్తింపు కార్డు తప్పనిసరి
మీ వస్తువులకు మీరే బాధ్యులు

ఐదుమంది ఆడవాళ్లు కలిసి పోయారనుకోండి. హాలులో పడుకుంటే 250 రూపాయలు. గది తీసుకుంటే 400. మనిషికి 80 పడుతుంది. 30 రూపాయలు ఎక్కువ. కానీ గదికి గడియ ఉంది, స్నానానికి చాటు ఉంది. బాలింతో, ముట్టయిన పిల్లో వెంట ఉంటే ఆ 30 రూపాయలు దండగ కాదు.

‘24 గంటలు’ అనే మాట కూడా చూడాలి. సాయంత్రం 4 గంటలకు దిగితే మరుసటి రోజు సాయంత్రం 4 దాకా గది మనదే. కొన్ని చోట్ల అట్లా ఉండదు. ఎప్పుడు దిగినా పొద్దున 8 గంటలకు ఖాళీ చేయాల. లేకపోతే రెండో రోజు అద్దె పడుతుంది. దర్శనానికి వరుసలో నిలబడి వచ్చేసరికి ఆ గంట దాటిపోతుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. నిజానికి అది మోసం కూడా కాదు. బోర్డు మీద ఉంటుంది. చదవలేదంతే.

ఇప్పుడు ఒక అత్త, కోడలు, ఇంకా ముగ్గురు కలిసి సత్రానికి వచ్చారనుకుందాం. కార్తీక మాసం. జనం కిటకిట.

‘యా ఊరమ్మా మీది?’ అన్నాడు గుమాస్తా.

‘ఆత్మకూరు పక్క పల్లె, సామీ. ఐదుమందిమి. అందరం ఆడోళ్లమే.’

‘ఆధార్ ఉండాదా?’

‘ఉండాది. ఇదో జిరాక్సు.’

‘నన్నూరు అద్దె, నన్నూరు అడ్వాన్సు.’

కోడలు ఎనిమిది నూర్లు లెక్కపెట్టి ఇచ్చింది. గుమాస్తా రిజిస్టరులో రాసుకున్నాడు. ఇంకు పెట్టె అత్త ముందరికి తోశాడు.

‘ఇక్కడ వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా.’

‘వేలిముద్ర ఏంటికి సామీ? నేను సంతకం చేస్తా. ముందు ఏం రాసినారో చూడనీ.’

వెనక వరుసలోవాళ్లు విసుక్కున్నారు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివింది. నిదానంగానే చదివింది.

‘సామీ, అడ్వాన్సు మున్నూరని రాసినారే. మేము ఇచ్చింది నన్నూరు కదా.’

గుమాస్తా తిరిగి చూశాడు. ‘అవునమ్మా, రద్దీలో చెయ్యి తప్పింది’ అని కొట్టివేసి 400 రాశాడు. రసీదులోనూ 400 రాశాడు. అప్పుడు ఆమె సంతకం చేసింది. అక్షరాలు కొంచెం గీత దిగిపోయాయి. అయినా ఏమి, పేరు పేరే.

ఆ ముద్దరలో నూరు రూపాయలు పోయేవి. మన పల్లెల్లో నూరు రూపాయలు సంపాదించను ఎంతసేపు కలుపు తీయాలో కలుపు తీసేవాళ్లకు తెలుసు.

ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీదనే ‘గది కోసం ఇచ్చినది’ అని రాసి, తేదీ వేసి సంతకం చేయడం మంచిది. అప్పుడు ఆ కాగితాన్ని ఇంకోచోట వాడుకోను కష్టం. అసలు కార్డు మాత్రం ఎవరి దగ్గరా వదలకూడదు. చూపించి వెనక్కి తీసుకోవాలి.

పదహారు మెట్లు

చదవకుండా ముద్ర వేయడం అంటే ఎంత దూరం పోతుందో ఒక దీవి కథ చెబుతుంది. హిందూ మహాసముద్రంలో మారిషస్ అనే దీవి ఉంది. సముద్రం అడుగున అగ్నిపర్వతం పొంగి, ఆ లావా గడ్డకట్టి పుట్టిన దీవి. నేలంతా నల్లరాయి. (భూమి లోపలి నుంచి కరిగి వచ్చిన రాయి మన పులివెందుల వైపు కూడా ఉంది. అది సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటిది. మన రాయితో పోలిస్తే మారిషస్ రాయి నిన్నగాక మొన్నటిది.)

ఆ దీవిలో చెరకు తోటలు తెల్లవాళ్లవి. బానిసలను విడిపించాల్సి వచ్చేసరికి వాళ్లకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుంచి మన దేశంవాళ్లను ఓడల్లో తీసుకుపోయారు. కొన్ని పదుల ఏళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది పోయారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గోదావరి జిల్లా కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను ‘కొరింగీలు’ అనేవాళ్లు. పోర్ట్ లూయీ రేవులో ఓడ దిగి పదహారు రాతిమెట్లు ఎక్కితే ఒక సత్రంలాంటి చోటు. కొత్తగా వచ్చినవాళ్లను అక్కడ రెండు రోజులు ఉంచేవాళ్లు. పేర్లు రాసుకునేవాళ్లు. ఆ తర్వాత తోటలకు పంచేవాళ్లు. చాలామందికి ఒప్పందంలో ఏముందో తెలియదు. చదువు లేదు. గుర్తు పెట్టమన్నచోట పెట్టారు. ఏళ్ల తరబడి తోట దాటి పోను వీలు లేకుండా పనిచేశారు.

ఆ చోటు పేరు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కూలీల మనవళ్లు, మనవరాళ్లు అక్కడే ఇండ్లు కట్టుకున్నారు. తెలుగువాళ్లు ఉగాది చేసుకుంటారు, రామభజన చేస్తారు. దీవి చూడను వచ్చేవాళ్లకు అక్కడి పల్లెల్లో ఇండ్లవాళ్లే గదులు ఇచ్చి, వండి పెట్టి పంపుతారు.

గదిలో దిగినాక

గదిలోకి పోగానే మూట దించి కూర్చోవద్దు. ముందు గడియ పడుతుందో లేదో చూడాలి. కిటికీ చూడాలి. స్నానాల గదిలో తలుపు, గోడలు, పైన సందులు చూడాలి. బీగం సత్రానిదైతే దానికి ఇంకో చెవి వాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే ఇంటి నుంచి చిన్న బీగం ఒకటి తెచ్చుకోవడం మేలు. తాగను నీళ్లు యాడివో అడగాలి. అనుమానం ఉంటే కాచి తాగాలి. ఎవరైనా ఇబ్బంది పెడితే 112కు ఫోన్ చేయాలి. ఆడవాళ్లకు 181 కూడా ఉంది. డబ్బులు పడవు.

ఇంకొకటి, పైకి పోయే మెట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. మంత్రాలయం తుంగభద్ర ఒడ్డున ఉంది. మన జిల్లాలో ఏడాదిలో ఎన్నో నెలలు ఆ ఏటిలో బండరాళ్లు తేలి ఉంటాయి. వాన కోసం ఎదురుచూసే జనం మనం. కానీ 2009 అక్టోబరు 2న అదే ఏరు పొంగి మఠంలోకి, సత్రాల్లోకి వచ్చింది. కర్నూలు పట్నం కూడా మునిగింది. యాత్రకు వచ్చి కింది గదుల్లో దిగినవాళ్లు మేడల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఏటి ఒడ్డున దిగినప్పుడు, అందులోనూ వానకాలం, పైకి దారి తెలిసి పడుకోవాలి.

శ్రీశైలానికి దోర్నాల మీదుగా బస్సులో పోయేవాళ్లు పొద్దు చూసుకొని బయలుదేరాలి. అడవి జంతువుల కోసం రాత్రి 9 గంటలకు అటవీశాఖవాళ్లు గేటు వేస్తారు. మళ్లీ తెల్లవారి 6 గంటలకు తీస్తారు. ఆలస్యమైతే ఆ రాత్రి దోర్నాలలోనే గడపాలి. అక్కడా లాడ్జీలు ఉన్నాయి. బోర్డులు ఉన్నాయి.